చక్కెర డబ్బా తాళం

జమ్మికుంటలోని ఒక షుగర్ క్లినిక్‌లో, చొక్కా పైకెత్తుకుని బల్ల మీద కూర్చున్న పెద్దమనిషికి మాట్లాడే అవకాశం రాలేదు. ఆయన భార్యే నర్సుతో మాట్లాడుతోంది.

"ఏం మనిషో బిడ్డా గీయన! రోజు ఇన్సులిన్ సూది ఏసుకుంటడు, షుగర్ మాత్రం దిగది. నేను చాటుగ చాయ్‌ల చక్కెర కలుపుతున్ననట!"

"కలుపుతున్నరా అమ్మా?"

"ఎట్ల కలుపుత? చక్కెర డబ్బా తాళంచెవి గీయన మొలతాడుకే ఉంటది. మూడు నెలల సంది నేను గూడ సప్పటి చాయే తాగుతున్న."

"జర కడుపు చూడనియ్యుండ్రి. గిదేంది, బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ?"

"గాడ పుట్టుమచ్చ ఉన్నది గద, గదే గీయన గుర్తు. నొప్పి తెలుస్తలేదని రోజు గా జాగలనే పొడుసుకుంటడు. అన్నిట్ల గిదే అలవాటు, డ్రైవర్ ఎనుక సీటు దొరకకుంటె బస్సు గూడ ఎక్కడు."

"ఒక్క తాననే పొడిస్తె కొవ్వు గడ్డ కడ్తది. గా గడ్డల ఏసిన మందు ఒంటికి సరిగ్గ పట్టది. ఇగ రోజు జాగ మార్చాలె, వేలెడు ఎడం ఇడిసి పొడువాలె. కొత్త జాగల మందు జోరుగ పనిజేస్తది, అందుకే ముందుగాల డాక్టర్ సారు మోతాదు తగ్గియ్యాల్నేమో చూస్తరు."

"అంటె షుగర్ పెంచింది నా చాయ్ గాదు! గా ముచ్చట గీయన దిక్కు తిరిగి చెప్పు బిడ్డా."

నర్సు తిరిగేలోపే ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పి, భార్య చేతిలో పెట్టాడు.

"తప్పు నాదేనే. నీ చాయ్‌ల రెండు చెంచాలు ఏసుకో."