వెయ్యి కండ్ల కెమెరా

గురవయ్య నోరు తెరిచాడంటే, పినపాక బస్టాపు దగ్గర హోటల్ నడిపే పోతయ్య ఇంకో గిన్నె పాలు పొయ్యి మీదికి ఎక్కించేవాడు. కథ అయ్యేదాకా ఎవరూ బల్ల మీంచి లేవరని అతనికి అనుభవమే. హోటల్ పక్క గదే గురవయ్య ఫోటో స్టూడియో. ఎనభైల మొదట్లో సంగతి ఇది. చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో ఎవరికి ఫోటో కావాలన్నా ఆయనే దిక్కు. మాటలు కోటలు దాటే మనిషని అందరికీ తెలుసు, ఫోటోలు మాత్రం బాగా తీస్తాడని అందరూ ఒప్పుకునేవాళ్లు.

ఆ రోజు మాత్రం గురవయ్య కథ ఎత్తుకోలేదు. ఎదురు బల్ల మీద సోమ్లి కూర్చుని ఉంది, పక్కన ఆమె కొడుకు లచ్చిరాం. ఫోటో కోసం తండా నుంచి రావడం వాళ్లకిది మూడోసారి.

ఎండలు ముదరక ముందు సోమ్లి భర్త రూప్లానే ఆమెని వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికే మనిషి దగ్గుతో సగమైపోయాడు, కొత్తగూడెం దవాఖానాలో కూడా చేతులెత్తేశారు. "నేను ఎక్కువ రోజులుండ గురవయ్యా," అన్నాడు. "నేను పోయిన్నాడు ఈమె చేతుల గాజులు, చెంపల మీది ఘుగ్రీలు అన్నీ తీస్తరు. మా తాన గంతే. అవి తియ్యకముందే ఒక్క ఫోటో దియ్యి." సోమ్లి ఆ రోజు మోచేతుల పైదాకా తెల్లటి గాజులు, జుట్టుకి కట్టి చెంపల మీదికి వేలాడే వెండి ఘుగ్రీలు, అద్దాల రైక, అన్నీ వేసుకుని పెళ్లికూతురిలా వచ్చింది. నువ్వూ పక్కన నిలబడన్నా అంటే రూప్లా ససేమిరా అన్నాడు. "దగ్గుకుంట నిలబడ్డ ముసలోని మొఖం ఎవరు చూస్తరు? ఆమెదే దియ్యి." అని గురవయ్య భుజం పక్కన నిలబడి, తీసినంతసేపూ ఆమెని నవ్వించాడు.

ఆ ఫోటో పాడైపోయింది. సోమ్లి మొహం మీద మంచు కమ్మినట్టు, ముక్కేదో కన్నేదో తెలీకుండా వచ్చింది. గురవయ్య ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేక సొరుగులో పడేశాడు. పిలిపించి ఇంకోటి తీద్దాంలే అనుకుంటుండగానే రూప్లా పోయాడని కబురు. ఇంక తియ్యడానికి ఏముంది? గాజులూ పోయాయి, ఘుగ్రీలూ పోయాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఫోటోలు కడిగే మందులు ఖమ్మం నుంచి రాలేదన్నాడు, రెండోసారి కరెంటు లేదన్నాడు. ఈసారి "ఆరుతున్నదక్కా, జర కూసోండ్రి," అనేశాడు. సాదా చీరలో, బోసి చేతులతో సోమ్లి కూర్చుంది.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది గురవయ్య ప్రాణం. ఒక్కటే ఆశ, మధ్యాహ్నం బస్సు. అది తప్పితే వాళ్లకి మళ్లీ సాయంత్రమే. బస్సు వచ్చేదాకా నోరు ఆడిస్తే చాలు, ఈ గండం గడుస్తుంది. తర్వాత సంగతి తర్వాత.

"అసలు ఫోటో అంటె ఏందనుకుంటున్నరు మీరంత?" అని గట్టిగా మొదలుపెట్టాడు. "నేనేం గొప్పోన్నని చెప్పుకోను. లెన్సుకు బూజు వడితే పట్నం పంపకుంట నేనే తుడుసుకుంట, గంతే."

"తుడుసుడు గూడ ఒక గొప్పేనా?" అన్నాడు మొండయ్య. బొగ్గుబావిలో డ్యూటీ దిగి వచ్చిన మనిషి, గురవయ్య మాటకి అడ్డం పడకపోతే ఆయనకి చాయ్ దిగదు.

"ఆడ్నే ఉన్నదే మామా అసలు సంగతి! ఒకపారి తుడుస్తుంటె లెన్సు పుటుక్కున పలిగింది. ఇంకోడైతే నెత్తిన చెయ్యి వెట్టుకుంటుండె. నేను సక్కగ అడవికి వొయ్యి తుమ్మ జిగురు తెచ్చిన. మా ఇంటామె జల్లెడ దీసుకొని ఒక్కో బొక్కల ఒక్కో సుక్క వోసి ఎండకు వెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సుక్క సుక్కా ఆరి, ఒక్కోటి ఒక్కో లెన్సై కూసున్నది! ఈగ కన్ను సూసిండ్రా ఎప్పుడన్న? ఒక్క కన్నుల వెయ్యి కండ్లుంటయి. గట్ల అయింది నా కెమెరా."

"మరి వదినె పిండి దేంతోని జల్లిచ్చిందన్నా?" అన్నాడు పోతయ్య.

"వారం దినాలు రొట్టెల్లేవు, అది వేరే కథ. నడుమల రాకు. మొదట్ల బొమ్మలు నువ్వుగింజంత వచ్చినయి, అన్ని మసక మసక. నేను ఊకుంటనా? గోదారి ఇసుకల మెత్తటిది ఏరుకొచ్చి ఒక్కో సుక్కను నున్నగ రుద్దిన. రుద్దీ రుద్దీ నా ఏలిముద్రలే అరిగిపోయినయి, ఇప్పటికీ బ్యాంకుల నా ఏలిముద్ర వడదు! గప్పుడు తీస్తె, ఒక్కపారి నొక్కితె వెయ్యి బొమ్మలు వడ్డయి. ఒకటి కుడి దిక్కునుంచి సూసినట్టు, ఒకటి ఎడమ దిక్కునుంచి సూసినట్టు, ఒకటి గడ్డం కిందికెల్లి. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి వెట్టి దీపం కాడ సూస్తె దూరంల గుట్ట సాఫుగున్నది, ముందటున్న మనిషి మసక. సరే అని ఒక్కోదాన్ని ఎంట్రుకవాసి పక్కకు జరిపిన. గుట్ట మసక, మనిషి సాఫ్! అంటె ఏంది? తీసేటప్పుడు ఎట్ల తీసినా ఫికర్ లేదు. తీసినంక ఇంట్ల కూసోని, ఎవరి మొఖం గావాలంటె వాళ్ల మొఖం తెచ్చుకోవచ్చు."

ఈ మాట అంటుంటే గురవయ్యకే సోమ్లి ఫోటో గుర్తొచ్చింది. నిజంగా అలాంటి కెమెరా ఒకటి ఈ భూమ్మీద ఉంటే, సొరుగులో ఉన్న ఆ మంచుని ఎంట్రుకవాసి జరిపేవాడు కదా.

సోమ్లి తల ఎత్తింది. "తీసినంక గూడ మొఖం సాఫ్ అయితదా గురవయ్యా?"

"అయితదక్కా, ఎందుకు గాదు," అన్నాడు గురవయ్య, ఆమె వైపు చూడకుండా. రోడ్డు వైపు చూశాడు. దుమ్ము తప్ప బస్సు జాడ లేదు. కథని ఉరికించాడు.

"అడవిల ఒకపారి పులి ఎదురైంది. భయపడితె ఫోటో రాదు గదా, నిలవడి నొక్కిన. ఇంటికొచ్చి జరిపితె పులి మీసం ఒక్కోటీ ఎంచుకోవచ్చు. ఇంకింత జరిపితె పులెనుక చెట్టు. చెట్టు మీద ఫారెస్టు గార్డు, లాగు తడుపుకొని కూసున్నడు. ఇంకింత జరిపితె గుట్ట, గుట్టవతల గోదారి, గోదారవతల భద్రాచలం గుడి గోపురం..."

"అప్పటిదాంక పులి ఊకున్నదా? దానికేమన్న బువ్వ వెట్టినవా?" అన్నాడు మొండయ్య.

"ఫోటోల పులి యాడికి వోతదే మామా! ఇను జర. గోపురం దాటి జరిపితె సముద్రం. సముద్రంల ఓడ. ఓడల వంటాయన ఉల్లిగడ్డ కోస్తుండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈడ పినపాకల, చీకటి గదిల, నా కండ్లల్ల నీళ్లు గారినయి!"

హోటలంతా గొల్లుమంది. లచ్చిరాం కూడా నవ్వాడు. సోమ్లి నవ్వలేదు, అట్లాగని లేచిపోనూ లేదు. గ్లాసులో చాయ్ మీగడ కట్టింది. బస్సు రాలేదు.

"ఇంక జరిపిన. భూమి గుండ్రంగుంటదని బడిల చెప్పలే? అంత సుట్టు దిరిగొచ్చి, ఆఖరికి ఏం గనవడ్డదో చెప్పుండ్రి? నా ఈపు! నా అంగీ ఎనుక చినిగిందని గప్పుడే ఎర్కయింది. పొద్దటి సంది గట్లనే దిరుగుతున్న, ఒక్కడన్న చెప్పలే."

"అయిపోయిందిగదా ఇగ, భూమంత సూపెట్టినవ్," అన్నాడు పోతయ్య కళ్లు తుడుచుకుంటూ.

నిజమే, అయిపోయింది. భూమి మొత్తం అయిపోయింది, బస్సు మాత్రం రాలేదు. ఇంకెక్కడికి పోవాలో తోచలేదు గురవయ్యకి. ఆగితే ఫోటో అడుగుతుంది. ఆగకూడదు. ఆ తొందరలో నాలుక ఎటు తిరిగితే అటు పోయాడు.

"అయిపోలే! ఇటు దిక్కు అయిపోతె అటు దిక్కు జరిపిన, ఎనుకకు. ఎనుకకు జరిపితె ఏమొచ్చింది? నిన్న! అవ్, నిన్నటి పొద్దు. సంతల నిన్న అమ్మిన వంకాయలు మళ్ల గంపల కొచ్చినయి. ఇంక ఎనుకకు జరిపిన, పోయినేడు దసరా వచ్చింది. ఇంకింత జరిపితె, సచ్చిపోయిన మా నాయిన అరుగు మీద కూసోని బీడీ తాగుకుంట, ఏంరా గురవా అని..."

ఏమన్నాడో గురవయ్యకి అప్పుడు తెలిసింది. మొండయ్య తల దించుకున్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పోతయ్య దించలేదు.

సోమ్లి గ్లాసు బల్ల మీద పెట్టింది. "అయితె ఎనుకకు జరిపి మా ఆయన్ని సూపియ్యి గురవయ్యా."

ఎగతాళిగా అనలేదు. అలాగని నమ్మీ అనలేదు. నీ కోతలకి నువ్వే జవాబు చెప్పుకో అన్నట్టు, నెమ్మదిగా అంది. సరిగ్గా అప్పుడే మలుపులో హారన్ మోగింది. ఇంతసేపూ గురవయ్య దేవుడికి మొక్కుకున్న బస్సు, దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

"అమ్మా, బస్సు," అన్నాడు లచ్చిరాం.

"పోనీ," అంది సోమ్లి.

గురవయ్య లేచి స్టూడియోలోకి వెళ్లాడు. దానికి వెనక వాకిలి లేదు, ఉంటే ఏం చేసేవాడో చెప్పలేం. సొరుగు తీసి, ఫోటో తెచ్చి, బల్ల మీద పెట్టి పక్కకి జరిగాడు. బయట బస్సు వెళ్లిపోయింది.

ముందు చూసింది లచ్చిరామే. "గిదేందిది? మా అమ్మ మొఖమేది?" అన్నాడు, గొంతు పెరిగింది. "ఓడల ఉల్లిగడ్డ సాఫుగొచ్చింది గని, నీ ముందట నిలవడ్డ మా అమ్మ రాలేదా?"

"అద్దాల రైక గదా తమ్మీ... ఎండకు అద్దాలు మెరిసి..." అని గురవయ్య నసిగాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని అతనికే వినిపించింది.

సోమ్లి ఫోటోని తీసుకుని, దగ్గరి చూపు ఆనదు కాబట్టి చేతిని బారుగా చాచి చూసింది. కొడుకు అరుస్తున్నా వినిపించుకోలేదు. మొహం వైపు చూడనే లేదు. రైక మీద, ఎడమ భుజం కింద ఒక అద్దం దగ్గర వేలు ఆగింది.

"గీయన ఎవరు?"

గురవయ్య పరుగున పోయి భూతద్దం తెచ్చాడు. వంగి చూశాడు. మిగతా అద్దాల్లో ఏముంది, కొన్నిట్లో ఆకాశం, కొన్నిట్లో కెమెరా మీదికి వంగిన తన బట్టతల. ఆ ఒక్క అద్దంలో మాత్రం గింజంత మనిషి. తలపాగా, మెడలో తువ్వాలు, పళ్లు కనిపించేలా నవ్వు. గీత గీసినంత స్పష్టంగా రూప్లా.

అప్పుడు అర్థమైంది తాను చేసిన పొరపాటు. ఆ రోజు కెమెరాలోకి చూస్తుంటే ఆ అద్దంలో రూప్లా తళుక్కుమన్నాడు. అద్దంలో మనిషి సాఫుగా ఉంటే అద్దం వేసుకున్న మనిషి కూడా సాఫుగానే వస్తుందని అనుకుని, దానికే లెన్సు సరిచేశాడు. కానీ అద్దంలో బొమ్మ అద్దం మీద ఉండదు, మనిషి అద్దానికి ఎంత దూరంలో నిలబడితే అద్దానికి అవతల అంత దూరంలో ఉంటుంది. దూరాన్ని పట్టుకుని దగ్గర ఉన్న మనిషిని వదిలేశాడు.

గురవయ్య భూతద్దాన్ని సోమ్లి చేతికిచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"నవ్వు సోమ్లీ, నవ్వు సోమ్లీ అనుకుంట ఆయనే నవ్విండు సూడు," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని గురవయ్య వైపు తిరిగింది. "వెయ్యి కండ్లు నీ కెమెరాకేడియి గురవయ్యా? నా రైకకున్నయి. నువ్వు ఇడిసిపెట్టినోన్ని అది పట్టుకున్నది."

లచ్చిరాం వచ్చి తల్లి భుజం మీంచి వంగి చూశాడు.

"మరి నీ మొఖం పాయె గదక్కా," అన్నాడు గురవయ్య. "ఆయన అడిగింది నీ ఫోటో."

"నా మొఖం ఎవరి కోసం? సూసేటోడే పాయె." ఆమె వేలితో ఆ అద్దాన్ని మళ్లీ తడిమింది. "ఈ ఒక్క అద్దం పెద్దగ చెయ్యనీకి వస్తదా? గోదారొద్దు, ఓడొద్దు. నిజం చెప్పు."

గోడంత చేస్తా, సినిమా తెరంత చేస్తా అని గురవయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అరచెయ్యంత వస్తదక్కా. గంతకంటె పెద్దగ జేస్తె మొఖం పలుగుతది."

సోమ్లి బోసి చేతిని చాపి, తన అరచెయ్యి వైపు ఒకసారి చూసుకుంది.

"చాలు," అంది. "సాయంత్రం బస్సు దాంక ఈడ్నే కూసుంట."