రెండో దోవ

అది రెండువేల నాలుగో సంవత్సరం. కాడుగోడిలో మా ఇంటి వసారా, పొద్దున పది గంటలు. వీధికి అవతల మా మనవరాలు ప్రిస్కిల్లా ఆఫీసు. అమెరికా డాక్టర్లు మాట్లాడింది విని టైపు చేసి పంపడం అక్కడి పని. ఆమె టిఫినుకని ఇంటికి వచ్చింది. అప్పుడు మేము మాట్లాడుకున్నవే ఈ మాటలు.

“...అట్ల మొదటి ఇంటర్నెట్ లైను పీకేసినా అవ్వా, మా బాసు కళ్ళెదురుగానే. పది సెకండ్లు! రెండో లైను ఎత్తుకునేసింది. ఒక్క పిల్ల కూడా టైపు ఆపలేదు.”

“ఎవురు పీకింది?”

“నేనే. కావాలనే.”

“బాగుండే దాన్ని పీకేదేంటికే? చట్నీ వేసుకో.”

“పరీక్ష అవ్వా! ఫైర్‌వాల్ అని పెట్టె ఉండాది కదా, దానికి నేను నేర్పించినా. ఐదు సెకండ్లకొకసారి మొదటి దోవలో కేకేసి చూడు, రెండు కేకలకు పలక్కపోతే రెండో దోవ పట్టు, అని.”

“మీ తాత కూడా అంతే. డెబ్బై ఒకటిలో మడివాళకు రెండు బస్సులుండేవి. ఆకుపచ్చది రాకపోతే...”

“తాత కథ సాయంత్రం. వంటింట్లో ఎవురవ్వా, చప్పుడు?”

“మనవాళ్ళే. దోశ తింటా ఉండారు. నువ్వు చెప్పు.”

“ఈ పొద్దు పన్నెండుకల్లా నాలుగొందల రిపోర్టులు పోవాల. పోయిన నెల లైను తెగి లేటయింది. ఇంకొక్కసారి తెగితే పని వేరేవాళ్ళకిస్తామన్నారు అమెరికావాళ్ళు. నలభై మంది ఆడపిల్లలవ్వా, అందరి ఉద్యోగాలూ పోతాయి. అందుకే రాసిచ్చినా, జేసీబీ వచ్చి తవ్వినా మా ఆఫీసు ఆగదని. కింద సంతకం కూడా పెట్టినా.”

“సంతకమేంటికి పెడితివే!”

“పెడితే ఏమి? ఒక కంపెనీ తీగ మన గోడ పక్క పోతాది. రెండో కంపెనీది చర్చి పక్క. మ్యాపు చూసినా కదా.”

“మ్యాపు...”

“ఏమవ్వా?”

“ఏం లేదు. ఇంకో దోశ?”

“వద్దు. ఏమట్ల చూస్తా ఉండావు?”

“చర్చి పక్క అని రాసుండారా?”

“రాసి సీలు కూడా కొట్టుండారు.”

“మన ఏంజెల్ పెండ్లి ఎప్పుడే?”

“పోయిన ఏడు మేలో. దానికీ దీనికీ...”

“మే ఇరవై మూడు, శుక్రవారం. చర్చి పక్కే షామియానా. నాలుగు డేక్సాల బిరియాని. ఆ పొద్దే వచ్చినారు ఆరుగురు, గుద్దళ్ళు ఎత్తుకోని. మేస్త్రీ పేరు బసవరాజు. పాపం, ఎడమ కాలు కుంటి.”

“ఎవురు వచ్చినారు?”

“నీ రెండో కంపెనీవాళ్ళు.”

“అవ్వా...”

“పెండ్లి పందిట్లో గుంత తవ్వుతామంటే ఎవురు ఊరుకుంటారు? మన గోడ పక్క మొదటోళ్ళ గుంత అప్పటికింకా పూడ్చలేదు. ‘ఏమప్పా, దాంట్లోనే వేసేయండి, వచ్చి బిరియాని తినండి’ అన్నా. రెండేసి సార్లు పెట్టించుకున్నారు.”

“రెండు తీగలూ ఒకే గుంతలోనా?”

“ఆనుకోని ఉండాయి.”

“అయ్యో ప్రభువా! అయితే నేను ఎన్ని దోవలు రాసినా ఒక్క దెబ్బకు రెండూ పోతాయి!”

“నాకేం తెలుసే? నేను తీగ అనుకున్నా గానీ, నీ సంతకం అనుకున్నానా?”

“ఈ పొద్దు మురుగునీళ్ళ మోరీ తవ్వేదానికి జేసీబీ వస్తాదన్నారే! అదీ మన గోడ పక్కే!”

“వచ్చింది. తొమ్మిదికే.”

“వచ్చిందా? మరి చప్పుడే లేదే? తవ్వేసినాడా? కొంగు వదులవ్వా, నేను పోవాల!”

“కొంగు పట్టుకున్నది నువ్వే. కూర్చో.”

“నలభై మంది పిల్లలు...”

“తెలుసులే. నిన్న నువ్వు ఫోన్లో ఎవురికో ఆ మ్యాపు మాట చెప్తా ఉంటే విన్నప్పుడే నాకు దడ పట్టుకున్నాది. నీకు చెప్పేదానికి నోరు రాలేదు. పన్నెండయ్యేదాకా ఎవురూ తవ్వరు, చెయ్యి కడుక్కో.”

“నీకెట్ల తెలుసు?”

“మునిరాజూ! ఇంకో దోశ వేసేదా నాయనా?”

“చాలవ్వా, ఎనిమిది దోశలయినాయి! నా జేసీబీ తాళం ఇచ్చేస్తే పోయి తవ్వుకుంటా.”