వీరేషన్న చెయ్యి పెట్టిన కరెంటు పెట్టె

ఆగాగు, ఆ ప్లగ్గు అప్పుడే పెట్టాకు శివా! ఏం తొందర? కొత్త కండెన్సర్లు ఏసినా తాతా అంటాండావు, సరే, ఏసినావులే. ముందు మూత బిగించు. అది ఉత్త రేకు డబ్బా అనుకుంటాండావేమో, వాల్వుల రేడియోకి కరెంటు ఇచ్చే పెట్టెప్పా అది. మా అన్న వీరేషు పానం తీసింది అదే. ఇంట్లో ఇంగొకర్ని దానికి ఇచ్చేకి నేను తయారుగా ల్యా. హిందూపురంలో మార్కెట్టు కాడ రేడియో అంగడి ఆయప్పది. చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు. 'పాటలు ఇనేకి అందరూ వస్తారు, రేడియో కొనేకి ఒక్కడూ రాడు' అని తిడతానే అందరికీ పాటలు పెడతాండె. ఏం చెప్తాంటి? ఆ, పెట్టె. ధర్మవరం పట్టుచీరల షావుకారు ఒకాయన రిపేరికి ఇచ్చిండె. అన్న స్విచ్చి ఆపినాడు, ప్లగ్గు గూడా పీకినాడు. ఇంగేముంటాదిలే అని లోపల చెయ్యి పెట్టినాడు. ప్లగ్గు పీకినా ఆ కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటాది, దాన్ని దించినాకే ముట్టుకోవల్ల. ఆయప్పకు తెలీనిది కాదు, ఆ పొద్దు మర్సినాడు. అంతే.

బిగించినావా? ఇంగో స్క్రూ ఉండాది చూడు, ఆ మూలన. దినాలు అయినాక అందరూ దాన్ని బాయిలో పారేయమన్నారు. మా మారెమ్మత్త ఐతే 'పానం తిన్నదాన్ని ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా, ఇంగెవర్ని మింగల్లనో!' అని ఒకటే అరుపు. మా వదిన చౌడక్క ఇనల్యా. 'ఆయప్ప ఒప్పుకున్న పని, సగంలో ఎట్ల పంపిస్తా' అని పెనుకొండ నుంచి ఇంగో మెకానిక్కును పిలిపిచ్చి, ఎదురుగా కూచోని చేయించె. షావుకారు వచ్చినాడు గానీ గడప దాటల్యా. 'అమ్మా, తప్పుగా అనుకోవద్దు, ఇది మా ఇంటికి ఒద్దు' అని వాకిట్లోనే దండం పెట్టి ఎల్లిపాయె. ఇంగ అది వదిన దగ్గరే నిలిచిపాయె. దినామూ కొంగుతో తుడుస్తాండె. చూసి చూసి నాకు కోపమొచ్చె. 'ఏం వదినా, మొగుణ్ణి చంపినదానికి సేవ చేస్తాండావా?' అని గట్టిగానే అడిగితి. తుడిచేది ఆపల్యా. 'నాకు గూడా భయమే రఘూ. ఐతే మీ అన్న ఆఖరున చెయ్యి పెట్టింది దీని మీదనే కదా. ఆయప్ప గుడ్డలు కాల్చిరి, మంచం బైట పారేస్తిరి. ఇంగ నాకు ఆయప్పది ఏం మిగిల్చినారు?' అనె.

ఆడ నిలబడలేక బైటికొచ్చేస్తి. ఆ పొద్దు నుంచి దాన్ని పారేయమని నేను గూడా అనల్యా.

ఊ... కాళ్ళకు చెప్పులేసుకో. ఏసుకో అంటే! ఇంగ పెట్టు.