డెల్బర్ట్ వేటాడిన జరిమానా

ముందు మీరేం చూశారో చెప్పండి. డెల్బర్ట్ చేతులు తిప్పుతూ కోతలు కోస్తుంటే చూశారు, పొట్ట పట్టుకుని నవ్వారు. పక్క స్టూలు మీద లోవెల్ మొహం చూశారా?

సీసాల ఫ్యాక్టరీ ఎదురుగా మార్సెల్లా డోనట్ల కొట్టు. షిఫ్టు దిగినవాళ్లూ, రిటైరైనవాళ్లూ పొద్దున్నే అక్కడ చేరతారు. లోవెల్‌కు అరవై ఎనిమిది. ఈ శుక్రవారంతో కొలిమి పని మానేస్తున్నాడు. కొలిమి అతని ఊపిరితిత్తులు తినేసింది. పీల్చే మందు లేకపోతే మెట్టెక్కలేడు. అరవై అయిదు నిండినప్పుడే, ముసలివాళ్లకు సర్కారు నడిపే మెడికేర్ మందుల బీమాలో చేరబోయాడు. "కంపెనీ బీమా ఉండగా అదెందుకురా?" అని ఆపింది డెల్బర్టే.

ఇవాళ కూడా డెల్బర్ట్ అదే ఎత్తుకున్నాడు: "మెడికేర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. కంపెనీ బీమా ఉందమ్మా, పెట్టెయ్ అన్నా. పెట్టేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు టైలు కట్టుకుని ముగ్గురు దిగారు. కంపెనీ బీమా కార్డు ఇలా చూపించానో లేదో, ముగ్గురూ టోపీలు తీసేశారు!"

"కుక్కను వదల్లేదా?" ఎవరో ఎగదోశారు.

"కార్డుండగా కుక్కెందుకురా! జింకల వేటకు పోతే ఎలుగుబంటి నా జేబు కొరికింది. లోపల కార్డు! కోరలు రెండూ ఊడి నా బూట్ల మీద పడ్డాయి. ఇక వాషింగ్టన్ నుంచి హెలికాప్టర్, నా మొక్కజొన్న చేలో! పెద్దాఫీసరు మోకాళ్ల మీద పడి, 'డెల్బర్ట్ గారూ, మీరు చేరకపోతే మేం మూసుకోవాలి' అని ఒకటే ఏడుపు. నా చేను మునుగుతోంది, లేచి పో అన్నా!"

కొట్టంతా ఘొల్లుమంది. లోవెల్‌ కూడా నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

"ఆలస్యమైతే జరిమానా అంటున్నారు కదా, డెల్?"

"జరిమానానా? దాన్ని కాల్చి పడేశా. తల మా ఇంటి గోడకు వేలాడుతోంది, వచ్చి చూసుకో!"

మార్సెల్లా కాఫీ కెటిల్ ఠక్కున దించింది. "ఇక చాలించు, డెల్బర్ట్. నీది యూనియన్ బేరమాడి తెచ్చిన పాత కంపెనీ బీమా. మందుల విషయంలో మెడికేర్‌కు ఏమాత్రం తీసిపోదు. అయినా పని మానిన వారంలోనే మెడికేర్ మందుల బీమాకు పరుగెత్తావు. వరసలో నీ వెనక నేనే ఉన్నా. ఆలస్యం కాలేదు కదమ్మా అని ఆ కిటికీలో కూర్చున్న పిల్లను ఎంత విసిగించావు!"

డెల్బర్ట్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఊరికే సరదాకి అన్నాన్రా..."

"నా బీమా కూడా తీసిపోకూడదా?" అడిగాడు లోవెల్.

"అవును," అంది మార్సెల్లా. "అంత మంచిదైతే ఎన్నేళ్లు ఆగినా భయం లేదు. అంత మంచిది కాదనుకో, ఆగిన ప్రతి నెలా జరిమానా లెక్కలోకొస్తుంది. నెలనెలా కడుతూనే ఉండాలి, ఆ జరిమానా ఇక నిన్ను వదలదు. మీ బీమా ఎలాంటిదో అడిగావా?"

అడగలేదు. కంపెనీ బీమా అంటే కంపెనీ బీమాయే అనుకున్నాడు. కొత్త యజమానులు బీమా మార్చాక పీల్చే మందుకు తన జేబే ఖాళీ అవుతోందని ఇప్పుడు తట్టింది.

రోడ్డవతల ఫ్యాక్టరీ ఆఫీసు తలుపు తెరిచారు. అడగాల్సింది ఒక్క మాట: తన బీమా మెడికేర్ అంత మంచిదా, కాదా? లోవెల్‌ లేచి కొట్టు తలుపు దాకా వెళ్లి, ఆగి వెనక్కి చూశాడు. నవ్వినవాళ్లంతా కప్పుల్లోకి చూస్తున్నారు. అతనితో కలిసి రోడ్డు దాటేది మీలో ఎవరు?