ఆస్పత్రిలో ఉందని చెప్పాను

హలో… ఆ, నేనే. అక్కని.

…గొంతు మారిందా? పెదవి పగిలిందిలే. అది తర్వాత. ముందు నా మాట విను, మధ్యలో ఆపకు. నాకున్న భయం ఒక్కటే, సూటిగా చెప్పేస్తున్నాను. నా కొడుకు ఇవాళ ఆ కుక్కల పందెం బరిలోకి దిగుతాడు. దిగితే చస్తాడు.

…

మీ బావే తీసుకొచ్చాడు. గంట కూడా కాలేదు. నువ్వు బరి గేటు దగ్గరే కదా కూర్చుంటావు, చూడలేదా?

…వెనక తలుపు నుంచా. అదీ సంగతి. మేనమామ కంట పడకుండా తీసుకెళ్ళాడన్నమాట.

…

నేను రాలేను. బయట గొళ్ళెం పెట్టి తాళం వేసి పోయాడు. మూడో అంతస్తు, కిటికీకి ఊచలు. అరిచి అరిచి అలిసిపోయాను, కింద మిషన్ల హోరులో ఎవడికి వినపడుతుంది? ఫోను నేను కుట్టే చేతి తొడుగుల గుట్ట కింద ఉండబట్టి వాడికి దొరకలేదు.

…కొట్టాడు. కుక్క గొలుసుతో. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను కదా…

…లేదు, కళ్ళకి ఏం కాలేదు. పన్ను ఒకటి కదులుతోంది. ఒరేయ్, నా పన్ను సంగతి ఇప్పుడెందుకురా!

…

కాదు. చూడ్డానికి వచ్చిన పిల్లలందరూ బరి చుట్టూ కట్టిన చెక్కల వెనక నిలబడతారు, నాకూ తెలుసు. వీడు చూడ్డానికి రాలేదు. బొగ్గుని తెచ్చాడు.

…అవును, ఆ బొగ్గే. వంకర కాలుదని మీ బావ నీళ్ళలో ముంచబోతే వీడు లాక్కొచ్చిన కుక్కపిల్ల. నేను కుట్టిన తొడుగు వేలికి చిల్లు పొడిచి, పాలు పట్టి పెంచాడు. ఇవాళ వాడంతట వాడే నాన్న దగ్గరికి వెళ్ళి, "నా బొగ్గు సిద్ధంగా ఉంది, దింపండి" అన్నాడు. మీ బావ ముఖం చూడాలి, కొడుక్కి పట్టాభిషేకం జరిగినట్టు వెలిగిపోయింది.

…

ఎందుకంటే ఏం చెప్పను. నువ్వు కొనిచ్చిన ఆ వీడియో ఆట… అబ్బా, నిన్ను అనడం లేదురా. ఆ ఆటలో టోపీ కుర్రాడున్నాడు చూడు. పదేళ్ళు నిండగానే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి పంపించేస్తుంది, వాడు ఊరూరూ తిరిగి గడ్డిలో దొరికిన వింత జంతువుల్ని బంతుల్లో పడతాడు, పెంచుతాడు, పోటీలకి దింపుతాడు. అచ్చం అలాంటి టోపీ పెట్టుకున్న దగ్గర్నుంచీ మనవాడు పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేశాడు. టోపీ అంటేనే పలుకుతాడు.

…నేనూ ఆడాను. దాచడమెందుకు. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, వాడు బటన్ నొక్కుతుంటే కింద వచ్చే మాటలు నేను కూడబలుక్కుని చదివేదాన్ని. మర్చిపోయిన అక్షరాలన్నీ ఆ ఆటలోనే మళ్ళీ వచ్చాయి నాకు. అందుకే కదా ఇవాళ వాడి నోటుబుక్కు చదవగలిగాను. ఉండు, ఇక్కడే ఉంది.

"బొగ్గు. పన్నెండో లెవెల్. ఇవాళ మొదటి పోటీ. ఓడితే ఆస్పత్రి. అమ్మ చెప్పింది."

…

నేనే. నేనే చెప్పాను.

…ఆ ఆటలో ఏ జంతువూ చావదురా. దెబ్బలు తిని పడిపోతుంది, అంతే. ఆస్పత్రికి తీసుకెళ్తే ఒక నర్సమ్మాయి నవ్వుతూ తీసుకుంటుంది, గంట మోగుతుంది, లేచి నిలబడుతుంది. పోయిన చలికాలం మా ఎర్ర కుక్క బరి నుంచి తిరిగి రాలేదు, గుర్తుందా? వీడు మూడు రోజులు దాని గిన్నె కడిగి గుమ్మంలో పెట్టాడు. నాలుగోరోజు పొద్దున ఆ గిన్నె ముందు కూర్చుని, "అమ్మా, అది ఏది?" అన్నాడు. నోటికి అదే వచ్చింది. ఆస్పత్రిలో ఉంది నాన్నా, అన్నాను.

…తర్వాత చెవి తెగినది. తర్వాత ముసలిది. తర్వాత ఆ కవలల్లో ఒకటి. నాలుగింటినీ నేనే ఆస్పత్రిలో చేర్పించాను. ఓడిన కుక్కని మీ బావ ఇనుప గొట్టంతో తల మీద కొట్టి చంపి సంచిలో తెచ్చేవాడు. ఆ సంచుల మూతి కుట్టింది ఎవరనుకున్నావు? నా మిషను మీదే. తొడుగులు కుట్టే దారంతోనే.

…

ఏడవడం లేదు. ఏడిస్తే పెదవి మండుతోంది.

అసలు సంగతి విను. ఆ ఆటలో జంతువు ఓడిపోతుంటే మధ్యలో వెనక్కి పిలవొచ్చు. బంతి చూపిస్తే చాలు, అందులోకి వచ్చేస్తుంది. వాడి జేబులో ఒక బంతి ఉంది. ప్లాస్టిక్‌ది, సగం రంగేసుకున్నాడు. బొగ్గు కింద పడిందా, వీడు ఆ బంతి పట్టుకుని దాని దగ్గరికి నడుస్తాడు. అవతల కుక్క వదలకుండా పట్టి ఉండగా. అర్థమైందా ఇప్పుడు?

…

ఎవరి కుక్కతో? …టైర్ల కొట్టువాడి తెల్లదా!

…పోయిన నెల వాడి తమ్ముడి వేళ్ళు కొరికేసింది అదే కదురా!

…

ఏంటీ? గేటు వదిలితే ఉద్యోగం పోతుందా? ముక్కాలి పీట మీద కూర్చుని టికెట్లు చింపడం… అదేమన్నా సింహాసనమా, దిగితే రాజ్యం పోవడానికి?

…బావంటే భయమా. నాకు లేదా? పదకొండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాను. ఒరేయ్ తమ్ముడూ, అమ్మ పనికి పోతే నిన్ను చంకనేసుకోవడానికి పలక పక్కన పడేశాను. ఎప్పుడన్నా నోరు తెరిచి ఒక్కటి అడిగానా నిన్ను? ఇవాళ అడుగుతున్నాను. లే.

…

లేచావా?

…ఆ. గేటు పక్కన గోడకి చెక్క వేలాడుతుంటుంది చూడు, కుక్కల దవడలు విడదీసేది. అది తీసుకో. …కర్ర కాదు, ఒకవైపు చెక్కి పలచగా ఉంటుంది, అదీ.

ఫోను కట్ చేయకు. స్పీకరు పెట్టి చేత్తో పట్టుకో.

…

ఆ అరుపులేంటి? …మొదలైపోయిందా!

…టోపీ కనపడుతోందా? …ఎక్కడ? …బరి లోపలేనా! మూలకి, బొగ్గు వెనకాల?

…ఆ ఆటలో కుర్రాడు అలాగే నిలబడతాడురా. తన జంతువు వెనకే నిలబడతాడు. మీ బావ ఏడి? …చప్పట్లు కొడుతున్నాడా. కొట్టనీ.

నువ్వు తోసుకుని పో. పోరా! తిడితే తిట్టనీ, తొక్కుకుంటూ పో!

…

బొగ్గు ఎలా ఉంది? …మెడా? మెడ దొరికిందా ఆ తెల్లదానికి?

…విదిలిస్తోందా. నేలకేసి కొడుతోందా. …చెవి కింద చర్మం మొత్తం… ఆపు, చెప్పకు. వినపడుతోంది నాకు. దాని గొంతు నాకు తెలుసు, అది బొగ్గు గొంతే.

వాడేం చేస్తున్నాడు?

…జేబులో చెయ్యి పెట్టాడా!

నువ్వు ఇంకా ఎంత దూరంలో ఉన్నావు? …రెండు వరసలా. అయితే ఫోను ఎత్తు. పైకి, వాడి వైపు. నేను మాట్లాడతాను. ఎత్తు!

నాన్నా! టోపీ! అమ్మనిరా! ఇటు, మామయ్య చేతిలో, ఫోన్‌లో!

…అడుగు వేయకు. అక్కడే ఆగు. బంతి పని చేయదు నాన్నా, అది వట్టి బంతి…

…

ఏమన్నావు? …"ఓడినా ఏం కాదమ్మా, ఆస్పత్రికి తీసుకెళ్దాం" అంటున్నావా…

లేదు నాన్నా. ఆస్పత్రి లేదు.

…అమ్మ అబద్ధం చెప్పింది. ఎర్రది లేదు. చెవి తెగినది లేదు. ముసలిది లేదు. అన్నీ చచ్చిపోయాయి. అక్కడ పడినవి మళ్ళీ లేవవురా. ఎవరూ గంట మోగించరు. అందుకే చెప్తున్నాను, వెనక్కి వచ్చెయ్, చెక్కల మీంచి దూకెయ్, మామయ్య పట్టుకుంటాడు…

…

ఏంటి? ఏమంటున్నాడు? తమ్ముడూ, నాకు వినపడలేదు, వాడేమన్నాడు?

…"అయితే బొగ్గు చచ్చిపోతుందా" అన్నాడా?

నాన్నా? …నాన్నా! వద్దు! ఒరేయ్ పట్టుకో వాణ్ణి! పట్టుకోరా! అయ్యో నా నోరు పడిపోను, ఆగిపోతాడని చెప్తే—

…ఆ కేక ఎవరిది?

ఎవరిది ఆ కేక!

…ఎక్కడ పట్టింది? …చెయ్యా. మోచేతి కిందా.

లాగొద్దు! ఎవర్నీ లాగొద్దని చెప్పు! లాగితే కండంతా ఊడొస్తుంది, నాలుగేళ్ళు కుక్కల గాయాలు కుట్టినదాన్ని, నాకు తెలుసు! నువ్వు దూకావా? …దూకు!

…ఆ. తెల్లదాని మీద కూర్చో. వెనక నుంచి. నడుము నీ మోకాళ్ళ మధ్య బిగించు. ఒక చేత్తో మెడపట్టీ. ఆ చెక్క నోటి పక్క నుంచి, వెనక పళ్ళ సందులోకి… ముందు కాదు, వెనక!

…ఎవరు? నిన్ను లాగుతున్నది ఎవరు?

…బావా? పందెం ఆపొద్దంటున్నాడా? కొడుకు చెయ్యి కుక్క నోట్లో ఉంటే పందెం ఆపొద్దంటున్నాడా!

కొట్టు.

…ఆ చెక్కతోనే. ముఖం మీద కొట్టు. నా మాటగా కొట్టు. కొట్టరా!

…

ఆ చప్పుడు అదేనా?

…పడ్డాడా. లేస్తున్నాడా? …అయితే ఇంకోటి వెయ్. …చాలు. చాలు, వదిలెయ్ వాణ్ణి. రక్తం చూస్తూ కూర్చోకు. కుక్క మీదకి పో.

వెనక పళ్ళు. దూరిందా? …ఇప్పుడు మెలిపెట్టు. బిగిసిన గొళ్ళెం తిప్పినట్టు, రెండు చేతులతో. అది గుర్రుమన్నా ఆపకు. ఇంకా… ఇంకా తిప్పు…

…ఊడిందా?

…ఊడిందా చెప్పు!

అమ్మయ్య. అమ్మయ్య. వాణ్ణి ఎత్తు, చెక్కల అవతల పడెయ్ ముందు. తెల్లదాన్ని ఎవడో ఒకడు పట్టుకుని చావనీ.

…

వేళ్ళు కదపమను. …ఐదూ కదులుతున్నాయా? సరిగ్గా చూడు. బొటనవేలు?

…సరే. సరే. ఎముక కనపడితే కనపడనీ. నీ చొక్కా విప్పి మోచేతి పైన కట్టు. పళ్ళు కొరుక్కుని బిగించి కట్టు, వాడు ఏడ్చినా సరే. కుట్లు ఎవర్నీ వేయనీయకు అక్కడ, బరి దగ్గర సూదులు పట్టుకుని తిరుగుతుంటారు. ఇది నేను కుట్టే రకం కాదు. మనుషుల ఆస్పత్రికి పో. కుక్క కరిచిందని ముందే చెప్పు, ఆ ఇంజెక్షన్లు అన్నీ వేస్తారు.

…బండి ఎవరిది? …టీ అమ్మేవాడిదా. మంచిది. తిప్పుకొస్తున్నాడా. ఆ లోపల పిల్లాడికి ఒక్కసారి ఫోనివ్వు.

…

నాన్నా.

…నేనే. ఇంట్లోనే ఉన్నాను. నాకేం కాలేదు.

…నొప్పిగా ఉందా? ఏడువు. గట్టిగా ఏడువు, ఎవడేమంటాడు. …టోపీ పోయిందా? పోనీలే. తలుంది కదా.

…

బొగ్గా…

…నాన్నా, నువ్వు… నువ్వు మామయ్యకి ఇవ్వు ఫోను. ఇవ్వమ్మా. అమ్మ చెప్తుంది, పారిపోదు. ఇవ్వు.

…

తమ్ముడూ, స్పీకరు తీసెయ్. చెవి దగ్గర పెట్టుకో.

…తాళం సంగతి తర్వాత. నాకేం తొందర లేదు, ఎక్కడికి పోతాను. ముందు ఇది విను. బొగ్గు ఎలా ఉందని అడుగుతున్నాడు. బాగుందని చెప్పడం నాకో లెక్క కాదు, నాలుగుసార్లు అలవాటైన నోరు. కానీ ఐదోసారి రావడం లేదురా. ఇందాక నిజం చెప్తే కుక్క నోట్లోకి పోయాడు. ఇప్పుడు మళ్ళీ అబద్ధం చెప్తే ఇంక నా మాట ఏదీ నమ్మడు.

…బరిలో ఆ మూలనే పడి ఉందన్నావు కదా. బండి తిరిగేలోపల ఒక్క నిమిషం. చూపు సరిపోదు, దగ్గరికి పో. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టు. తెలియకపోతే వెనక కాలి లోపలివైపు, తొడ మొదట్లో రెండు వేళ్ళు ఆనించు. ప్రాణం ఉంటే అక్కడ నాడి కొట్టుకుంటుంది, సన్నగా అయినా సరే.

ఉంటే ఉందని చెప్పు. లేకపోతే లేదని చెప్పు. నేను లైన్లోనే ఉంటాను.

…బావ లేస్తాడని చూస్తున్నావా? లేస్తే చెక్క ఉంది కదా నీ చేతిలో.

వెళ్ళు తమ్ముడూ. పిల్లాడు మనిద్దరి జవాబు కోసమే చూస్తుంటాడు ఇప్పుడు. వెళ్ళి బొగ్గుని ఒక్కసారి చూసి రా.