రెండో కంచం

బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్. ఆదివారం మధ్యాహ్నం. హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి నుంచి బస్సులో వచ్చిన అక్క విజయలెచ్చుమి, తమ్ముడు సూరిబాబు, అతని భార్య వాసుకి.

"కూకోను. ముందు నువ్వది తీసెయ్. నా కళ్ల ముందే తీసెయ్."

"ఏటి తీసెయ్యాలక్కా?"

"ఏటా? ఫేస్‌బుక్కులో నా గురించి రాసినావే, అది. ఊరంతా ఇని ముక్కులు సీదుకుంటన్నారే, అది."

"నీ గురించి కాదక్కా. అది కథ. అందులో ఆవిడ పేరు రాజ్యలెచ్చుమి."

"రాజ్యలెచ్చుమి! కుంటుకుంటూ నడుస్తాదంట, ఎండు రొయ్యిలు అమ్ముతాదంట, మొగుడు పడవలు బాగుసేసీవోడంట, పందొమ్మిదేళ్ల కిందట మజ్జాన్నం అన్నం తినేసి సెయ్యి కడుక్కుని ఎల్లిపోనాడంట. మా ఊళ్లో అలాటిది ఇంకెవులున్నారురా? ఒక్కర్తిని సూపించు, నానెల్లిపోతాను."

"పేరు మార్చితే సాలక్కా. అమెరికాయన కూడా అంతే సేసినాడు."

"ఎవుడా అమెరికాయన?"

"అయ్యో వదినా, అది మాత్రం అడక్కండి. ముందు టీ తాగండి. ఈయన మొదలెడితే సాయంత్రం దాకా ఆపరు."

"నువ్వుండు వాసుకీ. అక్కా, ఆయన పెద్ద కథల రచయిత. వందేళ్ల కిందటోడు. మన సంఘం తెలుగు క్లాసులో మాస్టారు ఆయన పుస్తకం జెరాక్స్ ఇచ్చినారు, తెలుగులో ఉన్నాది. పేరు నాకు నోరు తిరగదు. నీకెందుకు సెప్తన్నానంటే—"

"నాకు సెప్పొద్దు. నాను సెప్తాను, నువ్విను. లచ్చివారం మీ బావ ఒచ్చినాడు."

"ఆఁ... ఒచ్చినాడా."

"నాను కొట్టు ముందర రొయ్యిలు ఆరబెడతన్నాను. సంచి ఎట్టుకుని ఎవుడో నిలబడ్డాడు. పని కోసం ఒచ్చిన ఇండోనేసియావోడనుకున్నాను. తిన్నగా లోపలికెల్లి, కుర్సీలో కూకుని, 'లెచ్చుమీ, నా కంచమేదీ' అన్నాడు. పిచ్చెక్కిందనుకున్నానురా! 'ఏ కంచం' అంటే, 'రోజూ నా కోసం రెండో కంచం ఎడతన్నావంట కదా, ఎవులూ తినకపోయినా కడిగి బోర్లిస్తన్నావంట కదా' అని కళ్లంట నీళ్లు. నాకేటి తెలుస్తాది? అప్పుడు నా మనవరాలు, మా లోగన్ కూతురు, ఫోను పట్టుకొచ్చింది. దానికీ తెలుగు అచ్చరాలు రావు, నాకూ రావు. ఫోనుకొచ్చంట! ఫోనే గడగడా సదివింది. నా కొడుకు ముందర, కోడలు ముందర. నాను రోజూ సాయంత్రం గుమ్మంలో కూకుని దారి సూస్తానంట. ఎవుడు సూసినాడురా నన్ను గుమ్మంలో?"

"అది కల్పన అక్కా. కథకి కావాలి."

"కథకి కావాలి! గుడి కమిటీ ఆడోళ్లు పసుపూ కుంకుం ఎట్టుకుని ఒచ్చినారు, 'పందొమ్మిదేళ్ల తపస్సు ఫలించిందమ్మా' అని. ఆళ్లలో రత్నావతి దండలు తెచ్చింది. రెండు దండలు! ఈ వయసులో మా ఇద్దరికీ మళ్లీ ఎయ్యడానికి. ఇప్పుడు నానాడిని ఎలగ ఎల్లగొట్టీది? పొమ్మంటే ఊరు నన్నే అంటాది, 'కంచం ఎట్టినమ్మే కంచం లాగేసుకుంది' అని."

"అంటే... నీకు ఇష్టం లేదా?"

"ఇష్టమా? ఒరే, ఎల్లిపోనాక మొదటేడు ఏడిసినాను. రెండో ఏడు తిట్టినాను. మూడో ఏడు నుంచి కడుపునిండా తిని హాయిగా తొంగున్నాను. ఈ మాట రాసినావా నీ కథలో?"

"లేదు."

"ఒచ్చి మూడ్రోజులు అవనేదు. ఫ్యాను కట్టేస్తాడు, సలంట. టీవీ మారుస్తాడు. రొయ్యిల జల్లెళ్లు పెరట్లో ఎట్టుకోమన్నాడు, వాసనంట. వాసన! ఆ వాసనే లోగన్‌ని సదివించింది, ఆ వాసనే ఆ కుర్సీ కొన్నాది, ఈడు కూకున్న కుర్సీ!"

"వదినా, మీరు ముందు కూర్చోండి."

"కూకోనన్నాను కదా. సూరీ, నాలుగింటికి బస్సు. నాతో రా. ఆడి ముందర, గుడోళ్ల ముందర నిలబడి సెప్పు. 'కంచం నేదు, గుమ్మం నేదు, నేను కల్పించినాను' అని. అంతే. అంతకంటే నిన్నేటీ అడగను."

"అదెలా సెప్తానక్కా? సంఘం పోటీలో మొదటి బహుమతి దానికే. వచ్చే ఆదివారం స్టేజీ మీద సదవాలి. జడ్జీలు ఆ కంచం కాడే ఏడిసినారంట."

"ఆళ్లు ఏడిసినారని నాను వొండి ఎట్టాలా?"

"అలా కాదు. నువ్వు కోపంలో ఉన్నావు. ఇను. అమెరికాయనది కూడా మన ఊరు లాటి చిన్న ఊరే. గుర్రాల దాణా కొట్టు నడిపీవోడు. కొట్టుకొచ్చినోళ్లు ఏటి మాట్లాడినా ఇని, కాగితం సంచుల మీద రాసుకునీవోడు. పెళ్లికాని టీచరమ్మ, తాగుబోతు డాక్టరు, సెవిటి గడియారాలాయన, అందరూ ఊరోళ్లే. ఒక్కొక్కడి లోపల ఒక్కొక్క దిగులు. దాన్ని రాసినాడు. అంతకు ముందు అమెరికాలో అలా ఎవులూ రాయలేదంట."

"ఆళ్లని అడిగి రాసినాడా?"

"అడిగితే ఎవులు సెప్తారు?"

"ఆళ్లు సదివి ఊరుకున్నారా మరి?"

"లేదక్కా. పుస్తకం పొయ్యిలో ఎట్టినారంట. తరవాత ఆయన ఆ ఊరెల్తే మంగలి కూడా గెడ్డం గియ్యను పొమ్మన్నాడంట."

"మంచి మంగలి. ఆ మంగలి బతికుంటే దణ్ణం ఎట్టుదును."

"నవ్వకు వాసుకీ. అక్కా, నీకు తెల్దు, ఆయన ఎంత త్యాగం సేసినాడో. ఒకరోజు మజ్జాన్నం, కొట్టు తెరిసే ఉంది, బేరం నడస్తానే ఉంది. తూకం తూస్తా తూస్తా ఆగిపోనాడంట. కొట్లో నడుంకి కట్టుకునీ బట్ట ఇప్పి బల్ల మీద ఎట్టి, తిన్నగా రైలెక్కీసినాడు. కథలు రాయడానికి!"

"పెళ్లాం?"

"ఆఁ?"

"పెళ్లాం ఉందా, నేదా?"

"ఉంది."

"పిల్లలు?"

"ముగ్గురు."

"ఆళ్లనెవులు సాకినారు?"

"అది... పుస్తకంలో లేదక్కా. ముందుమాటలో ఓ లైను ఉంది. ఆవిడ బట్టలు కుట్టి పెంచిందని."

"ఒక లైను! ముగ్గుర్ని పెంచినదానికి ఒక లైను. పారిపోనోడికి పుస్తకం. ఇదా నీ మాస్టారు సెప్పిన పాఠం?"

"పాఠం ఆయన బతుకు కాదు, రాత. ఆ రాత సూడాలి నువ్వు. ఎనిమిదో క్లాసు దాటనోడిని, నాకే అర్థమైందంటే సూడు. పెద్ద మాటలుండవు. మనం కొట్టు కాడ మాట్లాడుకున్నట్టే ఉంటాది. హత్యలు లేవు, నిధులు లేవు. ఒక మనిషి ఏళ్ల తరబడి దాసుకున్నది ఒక్క నిమిషం బైటపడతాది, అంతే, అక్కడ ఆపీసేడు. ముగింపని ఎట్టడు. దబ్బున తలుపేసినట్టు ఉండదు, ఓరగా ఒగ్గీసినట్టుంటాది."

"పెళ్లాం కాడికి మళ్లీ ఎల్లినాడా?"

"ముసలోడయినాక ఎల్లినాడంట."

"ఏటైంది?"

"ఆవిడ తలుపు తియ్యలేదు."

"ఆవిడ పేరేటి?"

"రాయలేదక్కా ముందుమాటలో."

"పేరు నేకపోతే మానె. కంచం ఎట్టే తమ్ముడు నేడు, అదృష్టవంతురాలు."

"అక్కా, పైకి నువ్వెంత తిట్టినా, నీ లోపల ఆ కంచం ఉంది. రాసీవోడికి తెలుస్తాది."

"నా లోపల గాస్ట్రిక్ ఉంది! మాత్రలు కూడా ఉన్నాయి, సూపించమంటావా? లోపలంట! నా లోపలికి నువ్వెప్పుడెల్లినావురా? దేంతో కోసుకుని ఎల్లినావు, పరాంగు కత్తితోనా? ఎప్పుడన్నా ఒక్కపాలి, 'అక్కా, నీకెలగుంది' అని అడిగినావా? ఒచ్చినావు, రొయ్యిలు తిన్నావు, రెండు కేజీలు మూట కట్టుకున్నావు, బస్సెక్కినావు."

"వదిన చెప్పింది నిజమే."

"నువ్వు ఆవిడ వైపా?"

"మీ వైపు ఎలా ఉంటాను చెప్పండి?"

"సూరీ, ఒకటడుగుతాను. మీ అమెరికాయన ముగింపు ఎట్టడన్నావు. మరి నువ్వెందుకు ఎట్టినావు?"

"ఏ ముగింపు?"

"కంచం. మా మనవరాలు రెండోపాలి కూడా సదివించింది. ఆడు ఎల్లిపోనాడు, నాను తెల్లారి కొట్టు తెరిసినాను. అంతవరకూ నిజమే. బాగానే ఉంది కూడా. ఆ ముక్క నానే ఇంకోపాలి సదివించుకున్నాను, అబద్ధమెందుకు. అక్కడ ఆపీవొచ్చు కదా? అమెరికాయనయితే అక్కడ ఆపీసును కదా?"

"...మాస్టారు కూడా అదే అన్నారు."

"మరి?"

"ఒక అవసరం పడింది."

"ఏటవసరం?"

"కథకి అవసరం."

"కథకి అవసరం నేదని ఇప్పుడే నువ్వే సెప్పినావు."

"సదివీవోళ్లకి... జడ్జీలకి... ఏదో ఒకటిలే. నువ్వు లాయరు లాగ అడుగుతున్నావేటి?"

"చెప్పండి మీరు."

"నువ్వూరుకో వాసుకీ."

"ఎన్నిసార్లు ఊరుకోను?"

"వాసుకి ఏటి సెప్పమంటంది? ఏటి దాస్తన్నావు? ఇంకోటి కూడా అడుగుతాను, నా మొకం సూడు. ఆ గోడ కాదు, నా మొకం. మీ బావ తమిళ్ బడికెల్లినాడు. తెలుగు ఒక్క అచ్చరం రాదు. ఆడి కాడున్నది బటన్ల ఫోను, ఫేస్‌బుక్కు నేదు ఏటీ నేదు. ఆడికి ఈ కథ ఎలగ తెలిసింది?"

"ఎవులో సెప్పుంటారు. కౌలా సెలంగోర్‌లో మనోళ్లు శానామంది ఉన్నారు కదా."

"ఎక్కడ?"

"కౌలా సెలంగోర్‌లో."

"ఆడు కౌలా సెలంగోర్‌లో ఉన్నాడని నానన్నానా?"

"అన్నావు. ఇందాక అన్నావు."

"అన్నేదు. నాకే తెల్దు. ఎక్కడున్నావని ఆడిని నానడగనేదు, ఆడు సెప్పనేదు. వాసుకీ, నానన్నానా?"

"అనలేదు వదినా."

"ఒరే."

"అక్కా, కూకో."

"ఎన్నాళ్ల నుంచి తెల్సు నీకు?"

"నాలుగేళ్లు. క్లాంగ్ బస్టాండులో కనిపించినాడు. నన్ను సూసి తలొంచుకున్నాడు. నేనే పిలిసినాను."

"నాలుగేళ్లు! నాలుగు దీపావళులు నా ఇంటికొచ్చి, నా ముందర కూకుని తిని... ఒక్క ముక్క సెప్పనేదు!"

"సెప్తే బాధపడతావని."

"రాస్తే బాధపడనా? నువ్వు నా తమ్ముడివా, ఆడి తమ్ముడివా?"

"ఆయన బతుకు కూడా ఏటీ బాగులేదక్కా. పామాయిలు తోటలో పని. ఒకావిడతో ఉండీవోడు. ఆవిడ పోయినేడు పోయింది. ఆవిడ పిల్లలు 'ఇల్లు మాది' అని బైటికి పంపీసినారు."

"ఓహో. ఆవిడ పోతే నాను గుర్తొచ్చినానా?"

"గుర్తు రాలేదు... అంటే, నేను..."

"నువ్వు?"

"నేనే సదివి వినిపించినాను కథ."

"ఓలమ్మో. నువ్వు పంపినావు. నువ్వే పంపినావు ఆడిని నా ఇంటికి. నన్నడక్కుండా."

"పెద్దవయసు. ఒంటరోడు. నువ్వూ ఒంటరే. ఇద్దరూ ఒకరికొకరు—"

"నాను ఒంటరినా? కొడుకు, కోడలు, మనవరాలు, గల్లీ నిండా బేరం. నన్ను ఒంటరిదాన్ని సేసింది నీ కథ! ఛీ. సరే. ఇను. నీకు ఆడి మీద అంత జాలి ఉంది కదా. నాను ఎల్లి రేప్పొద్దున్నే ఆడిని సంచితో బస్సెక్కిస్తాను. నీ ఇంట్లో ఎట్టుకో."

"ఇక్కడికా? వద్దు!"

"వద్దొద్దు వదినా, మీకు దణ్ణం పెడతాను!"

"ఇద్దరూ ఒక్కపాలే అరుస్తారేటి?"

"చోటు లేదక్కా."

"మీ కొడుకు సర్వేశ్ జొహోర్ ఎల్లిపోనాడు కదా, ఆడి గది ఖాళీయే కదా?"

"ఆ గదిలో ఏసీ లేదు. ఆయన హాల్లోనే పడుకుం... పడుకుంటాను అంటాడు."

"అంటాడా? అన్నాడా?"

"వాసుకీ, వద్దు. నేను మెల్లిగా సెప్తాను."

"మీరు చెప్పరు. అమెరికా గురించి చెప్తారు, ఇది చెప్పరు. అన్నయ్యగారు మూడు నెలలు ఈ హాల్లోనే ఉన్నారు వదినా. పొమ్మంటే పోలేదు, బతిమాలితే పోలేదు. ఈయన కూర్చుని ఆ కంచం రాసి, చదివి వినిపిస్తే, తెల్లారేసరికి సంచి సర్దుకున్నారు."