ఆది జాకెట్టు

తాడేపల్లిగూడెంలో ఒక మేడమీది వాటా, మధ్యాహ్నం వేళ. పోయిన కూతురు రత్నకుమారి పేరు మీద చీర పెట్టడానికి కొల్లేటి లంక నుంచి కనకమ్మ వచ్చింది. అల్లుడు రెండోసారి చేసుకున్న సాయిప్రియ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

"టైలరుకి ఇవ్వమ్మా అంటే వినవేం? మా రత్నం పేర పెట్టే చీర. జాకెట్టు చక్కగా కుదరొద్దూ?"

"నేనే కుట్టుకుంటానండి పిన్నిగారూ. ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది. ఇదిగో, ఒంటి మీదున్నదీ నేను కుట్టిందేనండి."

"ఎవరు నేర్పారు?"

"ఫోన్లో వీడియోలు చూసేనండి. సరదాకి. మొదట్లో చంక దగ్గర అన్నీ ముడతలే. విప్పడం, కుట్టడం, మళ్ళీ విప్పడం."

"రత్నానికీ చివర్లో ఇదే పిచ్చి. ఇంటికి రావే అంటే కుట్టుకుంటున్నానమ్మా అనేది. మిషను దానిదేగా?"

"ఆయ్, అక్కదేనండి. కాఫీ పెట్టమంటారా?"

"ఇప్పుడొద్దు. ఆది ఏది? కొలతకి పాత జాకెట్టు లేకుండా ఎలా కత్తిరిస్తావు?"

"ఉందండి... బీరువాలో అక్కది దొరికింది. నాకు అతికినట్టు సరిపోయింది. అదే పెట్టి కత్తిరిస్తున్నానండి. కోపమొచ్చిందా?"

"కోపమెందుకమ్మా. ఏదీ, ఇటివ్వు. అవును, గుడ్డ నేను పెట్టిందే. కానీ ఇదేంటి, మోచెయ్యి దాటి ఉన్నాయి చేతులు? దానికి పొట్టి చేతులంటే ప్రాణం. చలికాలంలో కూడా అవే వేసేది."

"ఫ్యాషనండి. ఇప్పుడందరూ..."

"ఉండు. ఎడం చెయ్యి ఇంత వదులేంటి? కుడిది సరిగ్గానే ఉంది."

"కొత్తలో కుట్టి ఉంటుందండి. తెలీక."

"నీదీ అంతేగా. ఎడంది వదులు."

"ఆది పెట్టి కత్తిరించాను కదండీ. తప్పు కూడా దిగిపోయింది."

"అయితే ఇటు తిరుగు. సూది ఉందిగా, కాస్త లోపలికి పట్టిస్తాను."

"వద్దండి. ఉండనివ్వండి."

"ఎంతసేపమ్మా, ఇలా..."

"వద్దన్నాను కదండీ! అయ్యో, ఫోను. ఆయనే. మీరు మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతాను. హలో... ఇంట్లోనేనండి. మిషను దగ్గర. లేదండి, ఎవరూ రాలేదు. ఒట్టండి. నిజంగా ఒట్టు."

"ఎవరూ రాలేదా? ఎదురుగా కూర్చున్నదాన్ని నేను మనిషిని కాదా?"

"మీరొచ్చారంటే ఏం మాట్లాడావని అడుగుతారండి."

"అడిగితే చెప్పు. దానికేం?"

"ఏం చెప్పినా చాలదండి ఆయనకి."

"సాయిప్రియా, ఇటు చూడు. మా అమ్మాయి మెట్ల మీంచి జారిపడి పోయిందన్నారు. ఇందాక ఆ మెట్లెక్కే వచ్చాను. ఈ మోకాళ్ళతో ఎక్కాను. జారే మెట్లు కావవి."

"పిన్నిగారూ, ఆయనొచ్చే వేళయింది. మీరు బస్సుకి..."

"చెయ్యి చూపించు."

"పట్టుకోకండి! నొప్పి... నొప్పండీ."

"అయ్యో, అయ్యో. నల్లగా కమిలిపోయిందే. భుజం దాకా వాచిందే తల్లీ. వెంకట్రాజేనా? అల్లుడేనా?"

"మెల్లిగా. కింద వాటావాళ్ళు వింటారు."

"మరి తప్పు దిగిందన్నావు?"

"మొదట నేనూ తప్పేననుకున్నానండి. నా మొదటి జాకెట్టుకి ఎడంది సరిచేసి, బిగుతుగానే కుట్టుకున్నాను. ఇప్పుడది నాకు ఎక్కట్లేదు. అప్పుడు తెలిసిందండి, అక్క కొలత తప్పలేదని."

"నా తల్లీ. నా రత్నమా. నా కడుపు కాలిపోతోందే. ఒక్క మాట చెప్పలేదే నాకు."

"ఏడవకండి. వినపడుతుంది."

"లే. చెప్పులేసుకో. నాతో వచ్చెయ్. అడిగితే కొత్త గుడ్డకి కొలతలివ్వడానికి టైలరు దగ్గరికెళ్ళామని చెబుదాం."

"టైలరు దగ్గరికంటే అసలు వెళ్ళనివ్వరండి. కొలత తీసేటప్పుడు చెయ్యెత్తమంటారు, చూసేస్తారు. అక్కకి ఆయన ఈ మిషను కొనిచ్చింది అందుకేనండి."